గాలి స్క్రూ

పెట్రోల్ బంకుకు పోతే నేను ఇప్పటికీ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటాను. అక్కడ పైపు పట్టుకుని నిలబడే మనిషి నన్ను చూసి, ఈయనెవరో మహా సుకుమారుడు అనుకుంటూ ఉండొచ్చు. ప్లాంటులో ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి. ఆయిలూ గ్రీజూ, వెల్డింగు పొగా, ఏవేవో మందుల ఘాటూ, అన్నీ పీల్చాను. ఏదీ నన్నేమీ చెయ్యలేదు. పచ్చి పెట్రోల్ వాసన ఒక్కటి తగిలితే మాత్రం కడుపులో దేవుతుంది. వాసన మీద కంటే నా మీద నాకే రోత పుడుతుంది. దీనంతటికీ కారణం ఒక పాత జీపు, దానికి నేను బిగించిన కార్బొరేటరు, ఆ కార్బొరేటరుకున్న వేలెడంత కూడా లేని ఒక స్క్రూ.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. పాల్వంచలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం, నేనూ నా భార్యా. నేను ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. అక్కడి ప్లాంటులో గేజీలు, వాల్వులు, వాటికి పోయే సన్నటి పైపులు చూసుకోవడం నా పని. ఆమె చర్చి బడిలో ఒకటో తరగతి టీచరు. పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లల్లేరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక నుంచి నేను ఎంతసేపు కార్బొరేటరు గురించి మాట్లాడినా అసలు సంగతి ఇదే.

జీపు పెట్రోల్‌ది, నాలుగు సిలిండర్లది, నా సొంతం. అప్పటికే మా వైపు అడవి ఊళ్ళకు తిరిగే జీపులన్నిట్లో డీజిల్ ఇంజన్లు పెట్టేశారు. ముందు ముగ్గురు, వెనక పన్నెండుమంది, మీద ఇద్దరు, దడదడమని మోత. ఆ మోతంటే నాకు అసహ్యం. పెట్రోల్ ఇంజన్ మెత్తగా తిరుగుతుంటే చెయ్యి పెట్టి చూడబుద్ధి అవుతుంది. కనపడినవాడల్లా "డీజిల్ పెట్టియ్యరాదూ" అని సలహా ఇచ్చేవాడు. సలహా ఇచ్చిన ప్రతివాడి మీదా పంతం పెరిగి, ఆ పెట్రోల్ ఇంజన్నే పట్టుకుని వేళ్ళాడాను.

పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్లోకి పంపే దాని పాత కార్బొరేటరు పూర్తిగా అరిగిపోయింది. షాఫ్టు రంధ్రాలు వెడల్పై, కాలు ఎక్సిలేటరు మీద నుంచి తీస్తే ఇంజన్ ఆగిపోయేది. కంపెనీ మాల్ దొరకదు. ఖమ్మంలో పార్టుల దుకాణం పెద్దమనిషి ఒక కొత్త కార్బొరేటరు డబ్బాలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. తళతళ మెరుస్తోంది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. "ఏ ఇంజన్దిది?" అని అడిగాను. "ఇంజన్ ఏదైతే ఏంది సార్, నాలుగు సిలిండర్లే గదా" అన్నాడు. ఆ జవాబు విన్నప్పుడే వెనక్కి తిరిగి బస్సెక్కాల్సింది. ఎక్కలేదు. ఆ మెరుపు చూసి మోసపోయిన మాట ఒప్పుకుంటున్నాను.

అది ఏ ఇంజన్ కోసం పుట్టిందో గానీ నా ఇంజన్ కోసం మాత్రం కాదు. బోల్టు రంధ్రాలు కలవలేదు. మధ్యలో ఒక ప్లేటు కోయించి పెట్టాను. ఎక్సిలేటరు కడ్డీ పొట్టిదైంది. సైకిల్ పుల్ల వంచి అతికించాను. రేకు అంచులు వేళ్ళు కోసేవి. సందు మూయడానికి గాస్కెట్ అని ఇచ్చింది పెళ్ళి పత్రిక అట్టకంటే పలచన. చేసినవాడికి సిగ్గు లేదు, అమ్మినవాడికి సిగ్గు లేదు, కొన్న నాకైతే అసలే లేదు. బిగించేసరికి రెండు ఆదివారాలు పట్టింది. స్టార్టయితే అయింది గానీ, పెట్రోల్ కంపు గుప్పుమంది.

బస్టాండు వెనక షెడ్డులో ఒక భాయ్ ఉండేవాడు. తండ్రి కాలం నుంచీ మెకానిక్ పనే. స్కూటర్లు, ఆటోలు, డీజిల్ జీపులు ఆయన చేతి కింద వందలు పోయాయి. పెట్రోల్ జీపు మాత్రం ఊళ్ళో నాదొక్కటే మిగిలింది. బానెట్ ఎత్తి చూసి నవ్వాడు.

"ఇంజన్ ఒకింటిది, కార్బొరేటర్ ఇంకొకింటిది. సంసారం గుదరాలంటే టైం పడ్తది సార్."

"ఈ వాసనకు ఏం జెయ్యాలె భాయ్?"

"వాసనొస్తుందంటే పెట్రోల్ జాస్తి, గాలి కమ్తీ. ఇగో, ఇది గాలి స్క్రూ. విప్పుతాపోతే గాలి పెరుగుతది. రోజు ఇంత, పావు చుట్టు. జల్దీ జెయ్యొద్దు."

గాలి స్క్రూ. మా వైపు ఏ షెడ్డుకు పోయినా ఆ స్క్రూని అదే పేరుతో పిలుస్తారు. అందరూ పని నేర్చింది స్కూటర్ల మీద, బైకుల మీద. వాటికి ఆ స్క్రూ విప్పితే నిజంగానే గాలి పెరుగుతుంది. కార్బొరేటరు ఎక్కడ కనిపించినా, దాని పక్కన చిన్న స్ప్రింగుతో ఒక స్క్రూ కనిపిస్తే అది గాలి స్క్రూయే. ఆ భాయ్‌ని నేను తప్పు పట్టను. తనకు తెలిసిన పేరే చెప్పాడు. నమ్మినవాడికుండాలి బుద్ధి.

ఎందుకంటే నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "పేరు జూసి వాల్వ్ దిప్పకు. లైన్ వెంబడి నడువు. దాంట్ల ఏం పోతాందో జూసి అప్పుడు దిప్పు." ఇన్నేళ్ళలో ప్లాంటులో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు నేను. కొత్తవాళ్ళకు అదే మాట చెప్పి చెప్పి విసిగించేవాణ్ణి. ఇంటికొచ్చి నా సొంత బండి ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ మాట గుర్తు రాలేదు. గాలి స్క్రూ అన్నారు, గాలి స్క్రూ అనుకున్నాను.

జీపు పెట్టే రేకుల పంచ మా వంటింటి కిటికీ కిందే. రోజూ పొద్దున ఏడు గంటలకు స్టార్ట్ చేసి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, ఇంజన్ చప్పుడు విని, గాలి స్క్రూ పావు చుట్టు విప్పి, ఒక నోటుబుక్కులో రాసుకుని డ్యూటీకి పోయేవాణ్ణి. విప్పిన కొద్దీ ఇంజన్ కుంటేది. కుంటితే ఇంకో స్క్రూతో స్పీడు పెంచేవాణ్ణి. ప్లగ్గులు తీస్తే మసి. గీరి మళ్ళీ పెట్టేవాణ్ణి. సెట్టింగు కుదురుతోంది, ఇంకా కుదురుతుంది అనుకునేవాణ్ణి.

మొదటి వారం ఆమె పోట్లాడింది.

"ఏందయ్యా ఈ కంపు? కూర గూడ పెట్రోల్ వాసనే. నేను తినాల్నా, లైటర్‌ల పొయ్యాల్నా?"

"సెట్టింగ్ నడుస్తాంది. నాలుగొద్దులు ఆగు."

"నాలుగొద్దులల్ల నేను జస్త."

అని కిటికీ ఠపీమని మూసింది. ఆ తర్వాత రెండో మూడో రోజున పెరట్లో వాంతి చేసుకుంది. మా పెరటి గోడ పక్కన బట్టలుతికే బండ, దాని పక్కన మురికినీళ్ళు పోయే మోరీ. ఆ మోరీ దగ్గర వంగి కక్కుతుంటే నేను బానెట్ కింద నుంచే అరిచాను, పైత్యమేమో నిమ్మకాయ నీళ్ళు తాగమని. లేచి కూడా చూడలేదు. ఆ చప్పుడు వినలేక ఇంజన్ రేజ్ చేశాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ చేసింది అదే.

మర్నాడు కూడా వాంతి. ఆ మర్నాడు కూడా. పొద్దున పొద్దున్నే. అప్పుడు గోడ మీద నుంచి పక్కింటావిడ తల కనిపించింది.

"ఏంది వదినా, రోజు పొద్దుగాల వాంతులు? ఏమన్న విశేషమా?"

విశేషం అనే మాటంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. పదకొండేళ్ళలో ఆ మాట ఎందరి నోట విన్నామో లెక్క లేదు. బస్సులో పక్క సీటామె అడిగింది, బడిలో పిల్లల తల్లులు అడిగారు, చావింటికి పోతే అక్కడ కూడా అడిగారు. "విశేషమేం లేదా ఇంకా?" అని అడిగి, లేదంటే నాలుక చప్పరించి, మన కడుపు వైపొకసారి, మన మొఖం వైపొకసారి చూస్తారు. ఆ చూపు కంటే మోరీ నయం. ఈ ప్రశ్నకు నా భార్య దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది. "నీకు ముగ్గురున్నరు గదా, ఒకర్నియ్యి" అనేది. అడిగినామె మళ్ళీ ఆ పక్కకొచ్చేది కాదు.

ఆ రోజు ఆ జవాబు చెప్పలేదు. నోరు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నవ్వింది. "ఏమో వదినా" అంది.

నేను బానెట్ కింద నుంచి చూశాను ఆ నవ్వు. అప్పుడే నాకు అర్థమైంది. ఆమెకు ఏడాదిగా నెలసరి లెక్క తప్పి, ఒకసారి నెలకు, ఒకసారి రెండున్నర నెలలకు వస్తోంది. వయసు ముప్పై తొమ్మిది. ఆ నెల రాలేదు. దాని మీద వాంతులు. ఆమె ఆశ పెట్టుకుంది. వద్దని చెప్పేవాడెవడు? నేనే చెప్పాలి. నేను తల మళ్ళీ ఇంజన్లోకి దూర్చి గాలి స్క్రూ పావు చుట్టు విప్పాను.

ఆ రోజు నుంచి ఆమె కంపు గురించి మాట్లాడటం మానేసింది. కిటికీ మూయడం మానేసింది. నాతో పోట్లాడటం కూడా తగ్గింది. రోజూ ఆ ఇంజన్ మీదే వంగి వంగి నా ముక్కు మొద్దుబారింది కాబట్టి, ఇంట్లో వాసన ఉందా లేదా అని చెప్పాల్సింది ఆమే. ఆమె ఏమీ అనడం లేదంటే వాసన తగ్గిందనే గదా. నోటుబుక్కులో రాసుకున్నాను: మూడు చుట్లు, వాసన తగ్గింది. మూడుంబావు, వాసన లేదు. ఆ నోటుబుక్కు తర్వాత పొయ్యిలో పెట్టాను గానీ ఆ అక్షరాలు మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఒకసారి అడిగాను, దవాఖానాకు పోదామా అని.

"వద్దు" అంది. "మూడు నెల్లు నిండనీ. ఈసారి ఏ కాయితం మొఖం నేను జూడ."

కాయితం అంటే ఏందో నాకు తెలుసు. ఖమ్మంలో ఎన్ని లాబుల ముందు ఎన్నిసార్లు కూర్చున్నామో. లోపలి నుంచి ఒకడు వచ్చి మడతపెట్టిన కాయితం చేతికిస్తాడు. దాంట్లో ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట ఉంటుంది. ఆమె మడత విప్పకుండా నాకిచ్చేది. నేను చూసి జేబులో పెట్టుకునేవాణ్ణి. ఇద్దరం బస్టాండుకు నడిచేవాళ్ళం. అందుకే ఈసారి ఎవర్నీ అడగదల్చుకోలేదు ఆమె. తన కడుపులో తనకు తెలిసినంత వరకు చాలనుకుంది. నేను సరే అన్నాను. సరే అని బయటికొచ్చి ప్లగ్గులు గీరుకుంటూ కూర్చున్నాను.

నెలకొక ఆదివారం మేము కిన్నెరసాని వాగు దాటి అడవిలో ఒక చిన్న ఊళ్ళో మా చర్చి జరిపే ఆరాధనకు పోయేవాళ్ళం. ఆమె అక్కడి పిల్లలకు పాటలు నేర్పేది. ఆ ఆదివారం దారిలో రెండుసార్లు జీపు ఆపాల్సి వచ్చింది. మట్టి రోడ్డు, మెల్లగా పోవాలి. మెల్లగా పోతే ఇంజన్ కంపంతా జీపు టాపు కిందికే వచ్చేది. రోడ్డు పక్కన వంగి కక్కి, లేచి, "పా, పోదాం" అంది. ముఖం పాలిపోయి ఉంది. కళ్ళల్లో మాత్రం ఏదో గొప్ప. నాకు ఆ గొప్ప చూస్తే భయమేసింది.

మా పక్కింటావిడ కూడా మా చర్చే. ఆ నోటికి తలుపు లేదు. అక్కడి బోధకుడికి ముందే చేరింది కబురు. ప్రార్థన మధ్యలో ఆయన గొంతు పెంచి, "ఈ సహోదరి గర్భాన్ని ప్రభువు తెరిచిండు" అన్నాడు. ఆరాధన జరిగే పాక నిండా ఆమెన్ అన్నారు. వెనక ఎవరో కోయ మాటల్లో మరొకరికి చెప్పారు. వాళ్ళు కూడా ఆమెన్ అన్నారు. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. నువ్వెవడివయ్యా తెరిచాడో మూశాడో చెప్పడానికి, నీకెవరు చూపించారు అని లేచి అడగాలనిపించింది. ఆమె వైపు చూశాను. కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, అందరికంటే కాస్త ఆలస్యంగా, చిన్నగా ఆమెన్ అంది. నేను లేవలేదు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి ఆడవాళ్ళు చింతకాయ తొక్కు చిన్న సీసాలో పెట్టి ఇచ్చారు. దారంతా ఆమె ఆ సీసా ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

ఇంకో రెండు వారాలు గడిచాయి. రోజూ పొద్దున ఏడింటికి ఇంజన్, ఏడుంబావుకు మోరీ దగ్గర వాంతి. ఏడున్నరకు ఇద్దరం ఎవరి పనికి వాళ్ళం. ఒక రోజు భాయ్ షెడ్డుకు పోయి ప్లగ్గులు చూపించాను. బొగ్గు ముక్కల్లా ఉన్నాయి.

"ఇంక పెట్రోల్ జాస్తనే ఉంది సార్. గాలి స్క్రూ ఎంత విప్పిండ్రు?"

"ఆరు చుట్లు."

ఆయన తల గోక్కున్నాడు. "ఇంక విప్పుండ్రి మరి" అన్నాడు. ఆయనకేం తెలుసు, నేను విప్పుతున్నది ఏందో నాకే తెలియనప్పుడు.

ఒక వారం షిఫ్టు మారి శుక్రవారం నాకు వీక్లీ ఆఫ్ పడింది. ఆమె బడికి పోయింది. జీపు ముందు కూర్చుని స్క్రూడ్రైవర్ పెట్టి ఇంకొంచెం తిప్పానో లేదో, స్క్రూ స్ప్రింగుతో సహా ఊడి నా చేతిలో పడింది. విప్పడానికి ఇక చుట్లు లేవు. దాని స్థానంలో చిన్న రంధ్రం, నల్లగా. ఆ రంధ్రాన్ని చూస్తూ కూర్చున్నాను. అప్పుడొచ్చింది గుర్తు, ఇన్ని వారాలకు. లైన్ వెంబడి నడువు.

ప్లాంటు సంచిలో సన్నటి ప్లాస్టిక్ ట్యూబు ముక్క ఉంది. ఒక కొస రంధ్రానికి అదిమిపెట్టి, రెండో కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాను. గాలి స్క్రూ రంధ్రం గదా, గాలి రావాలి.

పెట్రోల్ వచ్చింది. నోటినిండా. కొంత గొంతులోకి పోయింది, కొంత ముక్కులోకి ఎక్కింది. నాలుక, చిగుళ్ళు, గొంతు, అంతా మంట. కళ్ళు కనపడలేదు. తడుముకుంటూ పెరట్లోకి పరిగెత్తి, మోరీ దగ్గర వంగి కక్కాను. పొద్దుటి చాయ్ పోయింది, తిన్నది పోయింది, ఇంకేమీ లేకపోయినా కడుపు మెలిపెట్టి కక్కించింది. ఆ కంపు నా లోపల నుంచి వస్తోంది. రోత. బండను పట్టుకుని లేవబోయి, నా చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాను. అది ఆమె రోజూ పొద్దున చెయ్యి ఆనించే చోటు. ఆ మూల పాకుడు ఆమె వేళ్ళకు అరిగి నున్నగా అయింది.

అక్కడే చతికిలబడ్డాను. స్క్రూ ఆపేది గాలిని కాదు, పెట్రోల్‌ని. విప్పిన కొద్దీ ఇంజన్లోకి పచ్చి పెట్రోల్ పోతుంది. బిగిస్తే తగ్గుతుంది. ఇన్ని వారాలు నేను రోజుకు పావు చుట్టు చొప్పున నా భార్య ముక్కులోకి పెట్రోల్ వదిలాను. ఆమె రోజుకింత ఆశ పెంచుకుంది. ఆమె కడుపులో ఉందనుకున్నది నా చేతిలో ఉంది, స్ప్రింగుతో సహా.

నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు రెండు దారులు కనిపించాయి. స్క్రూ మళ్ళీ అట్లాగే పెట్టేసి నోరు మూసుకోవడం ఒకటి. సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి చెప్పడం రెండోది. రెండూ చెయ్యలేదు. నా చేతికి ఒక రోగముంది, తప్పు తెలిసిన తర్వాత దిద్దకుండా ఊరుకోదు. స్క్రూ పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు విప్పాను. ప్లగ్గులు గీరి పెట్టాను. స్టార్ట్ చేశాను. ఏం తిరిగిందండీ ఇంజన్! మడ్‌గార్డు మీద నీళ్ళ గ్లాసు పెడితే నీళ్ళు కదల్లేదు. ఆ చప్పుడు వింటూ నేను నవ్వాను. ఇంకా నోట్లో పెట్రోల్ చేదు పోలేదు, మోరీ కడగలేదు, ఆమె ఇంటికి రాలేదు, నేను నవ్వుతూ నిలబడ్డాను. నా మీద నాకు రోత అన్నాను గదా, ఆ నవ్వు గురించే.

సాయంత్రం ఆమె వస్తే చెప్పలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి స్టార్ట్ చేసి, ఇంజన్ చప్పుడు కాదు, పెరటి చప్పుడు విన్నాను. ఏమీ లేదు. గిన్నెల చప్పుడు ఉంది, కుళాయి చప్పుడు ఉంది. వాంతి లేదు. ఆదివారం కూడా లేదు. సోమవారం తలుపు సందులోంచి చూశాను. బండ దగ్గర నిలబడి, ఒక చెయ్యి మూల మీద ఆనించి, ఎదురుచూస్తోంది. అట్లా ఐదు నిమిషాలు నిలబడింది. తర్వాత చెయ్యి తీసేసి లోపలికి పోయింది.

మంగళవారం ఆమె ముందు వాకిలి నుంచి వచ్చింది. బడికి కట్టుకున్న చీర, చేతిలో బ్యాగు. ఇంజన్ తిరుగుతోంది. నా వైపు చూడకుండా జీపు వెనక్కి పోయి, బ్యాగు కింద పెట్టి, సైలెన్సర్ పైపు దగ్గర కూర్చుంది. ముక్కు దగ్గరగా పెట్టి ఊపిరి పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"ఏం జేసినవ్ దీనికి?"

"అది గాలి స్క్రూ గాదే. పెట్రోల్ స్క్రూ. ఇన్ని రోజులు ఉల్టా దిప్పిన."

"ఎప్పుడు జేసినవ్?"

"శుక్రారం."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టినట్టు పెదవులు కదిపింది. శని, ఆది, సోమ.

"ముందట్లెక్క పెట్టు" అంటూ లేచి నిలబడింది.

"ఎందుకే?"

"పెట్టయ్యా. ఒక్కసారి."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. వద్దే, పరీక్ష పెట్టుకోవద్దు, ఇంట్లోకి పోయి కూర్చుని మాట్లాడుకుందాం అని ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ తీసుకుని విప్పాను. ఒక చుట్టు, రెండు, మూడు. ఇంజన్ గొంతు మారింది, కుంటింది, వెనక నుంచి నల్లటి పొగ తన్నింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగే కంపు. ఆమె కదల్లేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. నిటారుగా నిలబడి, అందులోనే, గుండెల నిండా పీల్చింది. ఎంతసేపో నాకు తెలియదు. చివరికి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

నేను వెనకాలే పోయాను. మోరీ దగ్గర వంగి ఉంది. వాంతి అయిపోయాక కూడా చాలాసేపు అట్లాగే వంగి ఉంది. నేను వీపు మీద చెయ్యి వేయబోతే పక్కకు జరిగింది. చెంబుతో నీళ్ళు తీసుకుని నోరు పుక్కిలించింది, మొఖం కడుక్కుంది. మోరీలో కూడా నీళ్ళు పోసి శుభ్రంగా కడిగింది.

"బంద్ జెయ్యి దాన్ని" అంది. "మల్ల మంచిగ పెట్టుకో."

గోడ మీద తల లేచింది.

"ఏంది వదినా, మూడొద్దులు సప్పుడు లేకుంటే తగ్గిందనుకున్న. మల్ల షురువైనయా?"

నా భార్య కొంగుతో మొఖం తుడుచుకుంది, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

"తగ్గింది వదినా" అంది. "ఇయ్యాలనే తగ్గింది."

వాకిట్లో బ్యాగు తీసుకుని బడికి పోయింది. ఇంజన్ ఇంకా కుంటుతూనే ఉంది.